కార్బన్ ఫైబర్ గొట్టపు వేట రైఫిలు

కార్బన్ ఫైబర్ గొట్టపు వేట రైఫిలు అనగా లోపల పలుచని ఉక్కు గొట్టము, దానిపై రెసిన్ జిగురుతో తడిపిన కార్బన్ దారపు చుట్లు కలిగిన తేలికపాటి వేట తుపాకి. కొండ ప్రాంతాలలో రోజంతా తుపాకి మోసుకొని తిరిగే వేటగాళ్ళను ఉద్దేశించి ఈ రకము ముఖ్యంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1990ల నుండి వృద్ధి చెందినది. దుర్భిణి లేని మామూలు వేట రైఫిలు మూడున్నర కిలోల చుట్టుపక్కల తూగుతుంది. ఈ రకంలో మూడు కిలోలకు లోపు తూగేవి అనేకం ఉన్నాయి.

భారతదేశంలో వేట నిషిద్ధము కనుక ఈ తుపాకి తెలుగునాట వాడుకలోకి వచ్చే వస్తువు కాదు. అయినప్పటికీ దీని గురించి తెలుసుకొనుటకు రెండు కారణాలు కలవు. దీనికి మూలమైన కార్బన్ దారపు విద్య హైదరాబాదు ప్రయోగశాలలలో నాలుగు దశాబ్దాలుగా సాగుతున్నది. రెండవది, కోనసీమ వంటి ప్రాంతాల నుండి అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబాలకు అక్కడి అంగళ్ళలో ఈ తుపాకులు సులభంగా కంటబడతాయి. అక్కడి చట్టము, ఇక్కడి చట్టము రెండూ తెలియకపోతే చిక్కులు తప్పవు.

భాగాలు, పేర్లు

తుపాకిలో గుండు ప్రయాణించే పొడవైన ఉక్కు నాళమును గొట్టము లేదా బారెల్ అంటారు. దాని లోపలి గోడపై మరచుట్టులా తిరిగే గాడులు ఉంటాయి. ఈ గాడులనే రైఫిలింగు అంటారు. రైఫిలు అన్న పేరు వీటి వలననే వచ్చినది. గాడుల వలన గుండు బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్ళి దారి తప్పకుండా ఉంటుంది. గాడులు లేని నున్నని గొట్టము గలది షాట్‌గన్. గొట్టము వెనుక కొసన తూటా కూర్చునే భాగమును గది అనీ, భుజానికి ఆనించే భాగమును మడమ అనీ వ్యవహరిస్తారు. తూటా, గుండు అనే మాటలను వాడుకలో కలిపివేస్తారు గాని, ఈ వ్యాసంలో ఇత్తడి గుల్ల, మందు, గుండు అన్నీ కలిసినది తూటా. అందులో నుండి వెలువడి పోయేది గుండు.

రైఫిలు బరువులో గొట్టానిదే పెద్ద వాటా. మడమను కర్రకు బదులు ప్లాస్టిక్‌తో గాని, కార్బన్ ఫైబర్‌తో గాని చేసి కొంత బరువు తగ్గించవచ్చును. అంతకు మించి తగ్గించవలెనంటే గొట్టము జోలికి పోక తప్పదు.

కార్బన్ దారము

కార్బన్ ఫైబర్ అనేది వెంట్రుకకంటే సన్నని దారము. ఒక్కొక్క పోగు వ్యాసము సుమారు 5 నుండి 7 మైక్రాన్లు. పాలీ అక్రిలో నైట్రైల్ అనే కృత్రిమ నూలును ముందు గాలిలో వేడిచేసి, తరువాత ప్రాణవాయువు తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చగా మిగిలిన వాటిలో దాదాపు అంతా కర్బనమే. ఈ నూలు నుండి కార్బన్ దారము చేసే పద్ధతిని జపానులో అకియో షిందో 1960ల ఆరంభంలో కనుగొన్నాడు. బ్రిటనులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనా కేంద్రము ఆ దశాబ్దంలోనే దానిని మరింత బలపరచినది. జపానుకు చెందిన టోరే సంస్థ 1971లో వ్యాపార స్థాయిలో ఉత్పత్తి మొదలుపెట్టినది.

ఈ దారము గుణము కోనసీమ పాఠకులకు కొబ్బరి తాడుతో పోల్చి చెప్పవచ్చును. తాడు లాగినప్పుడు బలంగా ఉంటుంది గాని, తోస్తే మడతపడుతుంది, అడ్డంగా ఏ బలమూ ఉండదు. కార్బన్ దారము కూడా తన పొడవు వెంటనే బలమైనది. అందువలన దానిని ఎపాక్సీ రెసిన్ జిగురులో ముంచి, ఏ దిక్కున బలం కావలెనో ఆ దిక్కున పేర్చి, గట్టిపరుస్తారు. ఇలా ఏర్పడిన మిశ్రమ పదార్థము సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.6 గ్రాములు. ఉక్కు సాంద్రత 7.85 గ్రాములు. అంటే ఒకే పరిమాణంలో ఉక్కు దాదాపు అయిదు రెట్లు బరువు.

గొట్టము నిర్మాణము

"కార్బన్ గొట్టము" అనే మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. గుండు తగిలేది, మందు మంట తగిలేది ఎప్పుడూ ఉక్కుకే. నేటి వేట తూటాలలో మందు మండినప్పుడు గదిలో పుట్టే గరిష్ట పీడనము సుమారు 4,200 బార్లు, అనగా వాతావరణ పీడనానికి నాలుగు వేల రెట్లకు పైమాటే. ఆ పీడనమును, ఆ మంటను జిగురు పదార్థము నేరుగా తట్టుకొనలేదు. కనుక ముందుగా గాడులు చెక్కిన ఉక్కు గొట్టమును తీసుకొని, గది భాగమును, మూతి కొసను మందంగా ఉంచి, నడుమ భాగమును పైనుండి తరిగి పలుచన చేస్తారు. తరిగిన చోట కార్బన్ దారమును యంత్రముపై తిప్పుతూ చుడతారు. కొన్ని పొరలు గొట్టము పొడవు వెంట, కొన్ని ఏటవాలుగా, కొన్ని కడియాల వలె అడ్డంగా వస్తాయి. పొడవు వెంట ఉన్న పొరలు గొట్టము వంగకుండా ఆపుతాయి. అడ్డంగా ఉన్నవి ఉబ్బకుండా పట్టి ఉంచుతాయి. ఆ తరువాత పొయ్యిలో వేడిచేసి జిగురును గట్టిపరచి, పైభాగమును సానబట్టి నునుపు చేస్తారు. కొందరు తయారీదారులు నేరుగా చుట్టకుండా, విడిగా తయారుచేసిన కార్బన్ గొట్టమును ఉక్కు గొట్టముపై తొడిగి మూతివద్ద మరతో బిగిస్తారు.

ఇందులో అసలు నేర్పు జిగురులో గాలి బుడగలు మిగలకుండా చూచుటలోను, ఉక్కుకు దారానికి మధ్య పట్టు సడలకుండా చేయుటలోను ఉన్నది. పొర లోపల ఊడినా పైకి కనబడదు. గురి తప్పుట మొదలైన తరువాతనే అనుమానము వస్తుంది.

బరువు, బిగువుల లెక్క

ఈ గొట్టాలు ఉక్కు కంటే బిగువైనవి అని ప్రకటనలలో తరచు కనిపిస్తుంది. ఇది సగము నిజము. ఇంటర్మీడియట్ విద్యార్థులు కూడా చేయగలిగిన చిన్న లెక్కతో దీనిని తేల్చవచ్చును.

60 సెం.మీ. పొడవు, 7.62 మి.మీ. రంధ్రము, 23 మి.మీ. బయటి వ్యాసము గల ఉక్కు గొట్టమును తీసుకొందాము. గది వద్ద ఉండే అదనపు మందమును లెక్కలో చేర్చకపోతే దీని బరువు సుమారు 1.74 కి.గ్రా. ఇప్పుడు అదే బయటి వ్యాసముతో, లోపల 15 మి.మీ. ఉక్కు, మిగిలినది కార్బన్ అయితే ఉక్కు వాటా 0.62 కి.గ్రా., కార్బన్ వాటా 0.23 కి.గ్రా., మొత్తము 0.85 కి.గ్రా. అంటే బరువు సగానికి సగము తగ్గినది.

ఇక బిగువు. వంగకుండా నిలిచే గుణము వ్యాసము యొక్క నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగుతుంది. కడ్డీ వ్యాసము రెట్టింపు అయితే బరువు నాలుగు రెట్లు, బిగువు పదహారు రెట్లు అవుతాయి. ఉక్కు స్థితిస్థాపక గుణకము 200 గిగాపాస్కళ్ళు. కార్బన్ చుట్లది పొరల కోణమును బట్టి మారుతుంది, ఇక్కడ 80 అనుకొందాము. ఈ అంకెలతో లెక్కిస్తే కార్బన్ చుట్టిన గొట్టము, అదే మందము గల పూర్తి ఉక్కు గొట్టములో సగము బిగువు మాత్రమే కలిగి ఉన్నది. అయితే అదే 0.85 కి.గ్రా. బరువుకు ఉక్కుతోనే గొట్టము చేస్తే అది 17 మి.మీ. వ్యాసముతో సన్నగా వస్తుంది. ఆ సన్నని గొట్టముతో పోల్చినప్పుడు కార్బన్ గొట్టము బిగువు సుమారు 1.7 రెట్లు. కనుక సమానమైన బరువు వద్ద కార్బన్, సమానమైన మందము వద్ద ఉక్కు గెలుస్తాయి. అమ్మేవారు ఏ పోలికను ఎంచుకొన్నారో చూడకుండా ఆ మాటను నమ్మరాదు.

బిగువు ఎందుకు కావలెనంటే, తుపాకి పేలినప్పుడు గొట్టము తీగవలె కంపిస్తుంది. గుండు మూతి దాటే క్షణంలో మూతి ఎటు వంగి ఉంటే గుండు అటు పోతుంది. కంపనము చిన్నదైతే ప్రతి గుండూ దాదాపు ఒకే చోట తగులుతుంది.

వేడి

ఈ రకము గొట్టములో ఎక్కువ వాదము జరిగేది వేడి విషయంలోనే. ఒక్కొక్క తూటా పేలినప్పుడు గొట్టములోకి మూడు కిలోజౌళ్ళ వేడి చేరుతుందని అనుకొంటే, పైన చెప్పిన పూర్తి ఉక్కు గొట్టము ఒక్కో తూటాకు 4 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. కార్బన్ గొట్టంలో ఆ వేడిని వెంటనే పుచ్చుకొనేది లోపలి పలుచని ఉక్కే కనుక అది 10 డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుంది. ఆగకుండా పది తూటాలు కాల్చితే తేడా 40కి, 100కి మధ్య ఉంటుంది.

ఆ వేడి బయటకు పోవుట మరొక సమస్య. జిగురు వేడిని సరిగా ప్రసరింపజేయదు. దారము తన పొడవు వెంట వేడిని కొంత బాగానే మోస్తుంది గాని, పొర నుండి పొరకు అడ్డంగా పోవుటకు జిగురును దాటవలసి ఉంటుంది. తారు నుండి తీసిన ఒక జాతి కార్బన్ దారము రాగి కంటే బాగా వేడిని ప్రసరింపజేయగలదు, కాని అది ఖరీదైనది, పెళుసైనది. కనుక కార్బన్ గొట్టముపై చేయి పెడితే చల్లగా ఉన్నదంటే లోపలి ఉక్కు కూడా చల్లగా ఉన్నదని అర్థము కాదు. వేడి ఇంకా పైకి రాలేదని కూడా కావచ్చును.

వ్యాకోచము విషయంలో ఉక్కు, కార్బన్ రెండూ వేర్వేరు దారులు పడతాయి. 60 సెం.మీ. ఉక్కు గొట్టము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.6 మి.మీ. సాగుతుంది. కార్బన్ దారము తన పొడవు వెంట దాదాపు సాగదు, పైగా అతి స్వల్పంగా కుంచించుకొంటుంది. ఒకదానికొకటి అతుక్కొని ఉన్న ఈ రెండింటి మధ్య పుట్టే ఒత్తిడి అన్ని వైపులా సమానంగా లేకపోతే గొట్టము వంగుతుంది. దారపు కోణాలను తగినట్లు ఎంచుకొని ఈ తేడాను తగ్గించుటయే ఒక్కొక్క సంస్థ దాచుకొనే రహస్యము.

వేటలో సాధారణంగా ఒకటి రెండు తూటాలకు మించి వరుసగా కాల్చే అవసరము రాదు. కనుక ఈ లోపము వేటగాడిని పెద్దగా బాధించదు. సైనికుడికి, పోటీ క్రీడాకారుడికి అలా కాదు. క్రీడలలోనైతే తేలికదనము అక్కరకు రాదు కూడా. నిలకడ కోసం క్రీడాకారులు బరువైన తుపాకినే కోరుకొంటారు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకము సాధించిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో తుపాకి గరిష్ట బరువు 5.5 కి.గ్రా. వరకు ఉండవచ్చునని నియమము.

వెనుదన్ను

తుపాకి పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బను వెనుదన్ను అంటారు. న్యూటన్ మూడవ సూత్రము ప్రకారము గుండు, మందు వాయువులు ముందుకు పోయిన వేగమునకు తగినట్లు తుపాకి వెనుకకు వస్తుంది. ఒకే తూటాకు ఈ దెబ్బ శక్తి తుపాకి బరువుకు విలోమానుపాతంలో ఉంటుంది. నాలుగున్నర కిలోల తుపాకి స్థానంలో మూడు కిలోల తుపాకి పట్టుకొంటే దెబ్బ ఒకటిన్నర రెట్లు అవుతుంది. దెబ్బకు జంకి మీట నొక్కుటకు ముందే భుజము బిగించేవాడి గురి తప్పుట సహజము. అందుకే ఈ తేలిక తుపాకుల మూతికి వాయువులను పక్కలకు మళ్ళించే తొడుగును బిగిస్తారు. దానితో దెబ్బ తగ్గినా, శబ్దము కాల్చేవాడి చెవులకు మరింత కఠోరంగా తగులుతుంది.

ఇవి కాక మరికొన్ని పరిమితులు కలవు. గాడులు అరిగిపోతే గొట్టము మొత్తము మార్చవలెను. మామూలు ఉక్కు గొట్టమును తిరిగి తరిగినట్లు దీనిని తరగరాదు. కార్బన్ విద్యుద్వాహకము కనుక తడి, ఉప్పు చేరినచోట ఉక్కుతో కలిసి చిన్న విద్యుద్ఘటమువలె పనిచేసి తుప్పును త్వరపెట్టగలదు. కోనసీమ తీరము వంటి ఉప్పుగాలి తగిలే చోట్ల ఇది గమనించదగిన విషయము.

చరిత్ర

ఉక్కు వాడకము తగ్గించి గొట్టము చేయవలెనన్న యత్నము కార్బన్ కంటే పాతది. అమెరికాలోని ఆర్మలైట్ సంస్థ తన ఏఆర్-10 సైనిక రైఫిలుకు ఉక్కు నాళముపై అల్యూమినియం తొడుగు వేసిన గొట్టమును అమర్చినది. 1957లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో జరిపిన కఠిన పరీక్షలో ఆ గొట్టము పగిలి గుండు పక్కనుండి చీల్చుకొని వచ్చినది. ఆ సంస్థ వెంటనే పూర్తి ఉక్కు గొట్టమునకు మారినప్పటికీ, సైన్యము ఎంపికలో దాని అవకాశము దెబ్బతిన్నది. తేలికదనము కోసం ఎంతవరకు పోవచ్చునో చెప్పుటకు నేటికీ ఈ ఉదాహరణనే చూపుతారు.

ఆ తరువాత వించెస్టర్ సంస్థ 1960ల తొలి సంవత్సరాలలో మోడల్ 59 అనే షాట్‌గన్‌ను విడుదల చేసినది. అందులో పలుచని ఉక్కు నాళముపై గాజు దారమును చుట్టి జిగురుతో గట్టిపరచారు. షాట్‌గన్‌లో పీడనము రైఫిలులో కంటే చాలా తక్కువ కనుక అది పనిచేసినది. కాని కొనుగోలుదారులు ఆదరించకపోవుటచే 1965 ప్రాంతంలో దాని తయారీ ఆగిపోయినది.

కార్బన్ చుట్టిన రైఫిలు గొట్టమును వ్యాపార స్థాయికి తెచ్చినవారిలో యూటా రాష్ట్రానికి చెందిన రోలండ్ క్రిస్టెన్సన్ ముఖ్యుడు. కాళ్ళు కోల్పోయినవారికి కార్బన్ ఫైబర్‌తో స్ప్రింగు వలె పనిచేసే కృత్రిమ పాదాలు రూపొందించిన ఇంజనీరు ఆయన. 1995లో క్రిస్టెన్సన్ ఆర్మ్స్ సంస్థను స్థాపించాడు. తరువాత మోంటానా రాష్ట్రంలోని కొలంబియా ఫాల్స్ కేంద్రంగా ప్రూఫ్ రీసెర్చ్ సంస్థ ఈ రంగంలో పేరు పొందినది.

హైదరాబాదులో కార్బన్ విద్య

క్రిస్టెన్సన్ కృత్రిమ పాదాల నుండి తుపాకులకు వెళ్ళగా, హైదరాబాదులో ఇదే విద్య క్షిపణుల నుండి కాళ్ళ కలిపర్లకు వచ్చినది. అక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాలకు ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ 1982లో సంచాలకుడుగా వచ్చారు. 1989 మే 22న ప్రయోగించిన అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి దిగేటప్పుడు కలిగే తీవ్రమైన వేడిని తట్టుకొనుటకు కార్బన్-కార్బన్ మిశ్రమముతో చేసిన ముక్కు భాగమును అమర్చారు. అనంతరము పోలియో సోకిన పిల్లల కోసం నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులతో కలిసి తేలికపాటి మిశ్రమ పదార్థముతో కలిపర్లు రూపొందించారు. అంతవరకు పిల్లలు ఈడ్చుకొని నడిచిన మూడు కిలోల పైబడిన లోహపు కలిపర్ల స్థానంలో 300-400 గ్రాములవి వచ్చాయి. గొట్టములో సగము బరువు తగ్గించుటకు పడిన శ్రమతో పోల్చితే ఇది దాదాపు పదవ వంతుకు దిగుట. పైగా ఇక్కడ 4,200 బార్ల పీడనము లేదు, పిల్లవాని అడుగు బరువు మాత్రమే ఉన్నది. ఈ పదార్థమునకు ఏ పని ఎక్కువ తగినదో ఆ అంకెలే చెబుతాయి.

హైదరాబాదుకు చెందిన స్కైరూట్ ఏరోస్పేస్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ప్రయోగించిన విక్రమ్-ఎస్ రాకెట్టు కూడా కార్బన్ మిశ్రమ నిర్మాణమే. తేలికపాటి రైఫిళ్ళ విషయానికి వస్తే, హైదరాబాదులోని ద్వీప ఆర్మర్ సంస్థ పుణెలోని ఆయుధ పరిశోధనా సంస్థతో కలిసి రూపొందించిన ఉగ్రం అనే 7.62 మి.మీ. రైఫిలును 2024 జనవరిలో ఆవిష్కరించారు. దాని బరువు నాలుగు కిలోలకు లోపు. ఇది వేటకు కాక భద్రతా దళాలకు ఉద్దేశించినది.

చట్టము

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతి పూర్తిగా రద్దయినది. మనుషుల ప్రాణానికి గాని, పంటలకు గాని ముప్పు కలిగించే జంతువును చంపుటకు 11వ సెక్షను క్రింద అధికారులు అనుమతి ఇవ్వవచ్చును; అది వేట సరదాకు దారి కాదు. గౌతమీ, వసిష్ఠల నడుమ ఉన్న కోనసీమలో పెద్ద జంతువులు నివసించే అడవి లేదు. ఇక్కడ తుపాకి గురికి ఎదురయ్యేవి పొలాలకు, లంకలకు, మడ అడవులకు వచ్చే పక్షులే. కొంగలు, బాతులు, ఉల్లంకులు మొదలైన అడవి పక్షులను కాల్చుట కూడా నేరమే. గౌతమి ముఖద్వారం చెంత గల కోరింగ అభయారణ్యము 1978 నుండి రక్షిత ప్రాంతము.

తుపాకి కలిగి ఉండుటకు ఆయుధాల చట్టము, 1959 వర్తిస్తుంది. పంటల రక్షణకు మూతినుండి మందు కూరే తుపాకిని, ఆత్మరక్షణకు లేదా క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టము గల గాడులు లేని తుపాకిని ఈ చట్టము ఒక తరగతిగా చూస్తుంది. రైఫిలు కావలెనంటే తగిన కారణము ఉన్నదని లైసెన్సు అధికారిని ఒప్పించవలెను. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడిన తరువాత అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు జిల్లా కేంద్రము అమలాపురమే. 2019 సవరణ ప్రకారము ఒక వ్యక్తి వద్ద రెండు తుపాకులకు మించి ఉండరాదు. ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించవలసిందిగా అధికారులు ఆదేశించుట పరిపాటి.

అమెరికాలోని తెలుగువారు గమనించవలసిన నియమము ఒకటి ఉన్నది. అక్కడి సమాఖ్య చట్టము ప్రకారము హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకి గాని, తూటా గాని కలిగి ఉండుట నేరము. ఏదైనా రాష్ట్రము జారీచేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు ఉన్నది. గ్రీన్ కార్డు గల శాశ్వత నివాసులకు ఈ నిషేధము వర్తించదు. స్నేహితులతో కలిసి సరదాగా గురి సాధనకు వెళ్ళే విద్యార్థులు ఈ తేడాను ఎరుగకపోవుట ప్రమాదకరము, ఎందుకంటే దీని పర్యవసానము వీసా రద్దు వరకు పోవచ్చును.

అక్కడ చట్టబద్ధంగా కొన్న రైఫిలైనా భారతదేశానికి తెచ్చుటకు ఇక్కడి లైసెన్సు తప్పనిసరి. గొట్టము విడిగా తెచ్చినా ఆయుధ భాగముగానే లెక్కిస్తారు. వేటకు తీసుకొని వెళ్ళిన సంచినే మళ్ళీ ప్రయాణానికి వాడినప్పుడు దాని అరలో ఒక తూటా మిగిలిపోవుట, విమానాశ్రయ తనిఖీలో అది బయటపడుట జరుగుతున్నది. అటువంటి సందర్భంలో ఆయుధాల చట్టము క్రింద కేసు నమోదు చేస్తారు. తెలిసి దగ్గర ఉంచుకొన్నారా లేదా అన్నది న్యాయస్థానాలు తరువాత పరిశీలిస్తాయి. అంతవరకు ప్రయాణము ఆగిపోతుంది.